మొదటి కుర్చీ

పిల్లలు ఆమెకు పెట్టిన పేరు చీమమ్మ. ఎదురుగా అనరు, వెనక అంటారు. సూది వేసే ముందు ప్రతి పిల్లకూ ఆమె చెప్పే మాట ఒకటే: "ఏం లేదమ్మా, చీమ కుట్టినట్టుంటుంది, అంతే." ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్ద నర్సు దగ్గర పట్టిన మాట అది. అప్పటినుంచి ఆ చీమ ఎన్ని చేతుల్ని కుట్టిందో లెక్కలేదు. తనకు ఆ పేరుందని చీమమ్మకు తెలుసు. తెలిసినా తెలియనట్టే ఉంటుంది. సూదులు పొడిచే మనిషికి పిల్లలు ఇంతకన్నా ముద్దుపేరు పెడతారా ఏమిటి?

ఆరోగ్య కేంద్రంలో ఆమె గది వరండా చివర ఉంటుంది. ఒక బల్ల, రెండు కుర్చీలు, మూలన టీకాలు దాచే ఫ్రిజ్, గోడకు సగం ఊడిన పోస్టరు. పోస్టరులో ఒక తల్లీ కూతురూ నవ్వుతుంటారు. ఏళ్ల తరబడి ఎండ పడి ఇద్దరి ముఖాలూ వెలిసిపోయాయి, నవ్వులు మాత్రం మిగిలాయి. ఫ్రిజ్ గుర్రుమంటున్నంతసేపూ చీమమ్మ మనసు నిలకడగా ఉంటుంది. అది ఆగిందంటే చేతిలో పని వదిలేసి పరిగెత్తాలి. ఇంట్లో పసిబిడ్డ ఏడ్చిన రోజుల్లో కూడా నువ్వింత వేగంగా లేవలేదని భర్త ఎగతాళి చేస్తాడు. ఆయన సరుకుల లారీ డ్రైవరు. నెలలో సగం రోజులు రోడ్డు మీదే ఉంటాడు కాబట్టి ఆ ఎగతాళి కూడా ఫోన్లోనే.

మనిషి అలిసిపోయింది. నోటితో చెప్పదు గాని నడక చూస్తే తెలుస్తుంది. పొద్దున్నే మంచం దిగితే అరికాళ్లు నేలకు ఆనడానికి ఒప్పుకోవు. గోడ పట్టుకుని నాలుగడుగులు వేశాక గాని దారికి రావు. టీకాల ఐసు పెట్టె మోసీ మోసీ కుడి భుజం ఎడమదానికన్నా కిందికి దిగింది. ఆ పెట్టెను ఆరోగ్య కేంద్రం జీపు డ్రైవరు మోస్తానన్నా ఇవ్వదు. ఒకసారెప్పుడో అతను దాన్ని ఎండలో పెట్టి బీడీ కాల్చుకున్నాడు, అప్పటినుంచి నమ్మకం పోయింది.

ఈ మధ్య ఆమె ప్రాణానికి వచ్చి పడింది ఒక కొత్త టీకా. పెద్దయ్యాక గర్భసంచి ముఖద్వారానికి క్యాన్సర్ రాకుండా ఆడపిల్లలకు ముందుగానే వేసేది. ఒకసారితో పోయేది కాదు. పదో తరగతి ఈడు పిల్లలకు మూడుసార్లు వేయాలి. మొదటిది వేశాక కొన్ని వారాలకు రెండోది, ఆ తర్వాత నెలలు గడిచి, అందరూ మరిచిపోయాక మూడోది. మొదటిసారి పెళ్లికి వచ్చినట్టు వస్తారు. రెండోసారి పరామర్శకు వచ్చినట్టు వస్తారు. మూడోసారి మనమే వెళ్లి తలుపు తడితే, అప్పులవాడు వచ్చాడన్నట్టు లోపల గడియ పెట్టుకుంటారు. మన జనానికి ఆరంభశూరత్వం కొత్తా?

అలాగని ఊరికే రాకుండా ఉంటారా అంటే, అదీ కాదు. ఒక తండ్రి ఇల్లు మారాడు. ఒక పిల్ల బడి మారింది. మెసేజీ పంపితే ఆ ఫోను నీళ్లలో పడి ఉంటుంది. ఒక పిల్లకు ఆ రోజే లెక్కల పరీక్ష. ఒక అమ్మమ్మకు ఎవరో చెప్పారట, ఇది వేయించుకుంటే పిల్లలు పుట్టరని. "ఉన్న జబ్బుకే మందు మింగడానికి తీరదు, రాని జబ్బుకు రెండు సూదులు పొడిపించుకున్నాం, చాలదా తల్లీ?" అని ఇంకో పెద్దాయన చేతులు జోడించాడు. చీమమ్మకు అందరి మీదా కోపమే, ఎవరి మీదా నిలవదు. బద్ధకమైతే తిట్టొచ్చు. బతుకు తీరికలేక రానివాళ్లను ఏమని తిడుతుంది?

అన్ని బళ్లలోనూ మూడో విడత కొంత తగ్గింది. కాలువ అవతలి ఆడపిల్లల బడిలో మాత్రం సగానికి సగం మంది ఎగ్గొట్టారు. అది చీమమ్మ కూతురు చదివే బడి. డాక్టరమ్మ ఆ మాటే ఎత్తింది.

"మీ అమ్మాయి బడే కదా సిస్టర్ అది. అక్కడే ఇలా అయితే ఎలాగండీ? నెలాఖరుకి మిగిలిన టీకాలు వేరే కేంద్రానికి పంపెయ్యమన్నారు. తర్వాత వాళ్లొచ్చి కావాలన్నా మన దగ్గర ఉండవు."

"ఇళ్లకు వెళ్లి మాట్లాడతాను మేడమ్," అంది చీమమ్మ.

ఇళ్లకు వెళ్లడానికి జీపు ఇవ్వరు. డ్యూటీ దిగాక కాళ్లీడ్చుకుంటూ పోవాలి. సరేనని బయల్దేరింది.

ఇక్కడ ఆమె పనితనం గురించి ఒక ముక్క చెప్పాలి. ఏ బడికి వెళ్లినా చిక్కంతా మొదటి కుర్చీ దగ్గరే. హాల్లో పిల్లలు వరసగా నిలబడతారు గాని, ఆ వరసకు మొదటి పిల్లంటూ ఉండదు. "నువ్వెళ్లవే" అంటే "నువ్వెళ్లవే" అని ఒకరినొకరు తోసుకుంటూ వరసంతా గోడ వరకూ వెనక్కి జరుగుతుంది. ఒక్క పిల్ల కూర్చుని నవ్వుతూ లేస్తే చాలు, మిగతావాళ్లు గొర్రెల మందలా వచ్చేస్తారు. ఒక్క పిల్ల ఏడ్చిందా, ఆ పూటకు పెట్టె సర్దుకోవాల్సిందే.

అందుకని కూతురి బడిలో మొదటి విడత నాడు ఆమె తన కూతుర్నే మొదటి కుర్చీలో కూర్చోబెట్టింది. "నువ్వు నవ్వాలి. నువ్వు నవ్వితే అందరూ వస్తారు," అని ఇంటి దగ్గరే చెప్పి పెట్టింది. పిల్ల నవ్వింది. వరస కదిలింది. మధ్యాహ్నానికల్లా పెట్టె ఖాళీ. ఆ రుచి మరిగాక ఆగుతుందా? కూతురికి సెలవున్న రోజుల్లో వేరే బళ్లకు కూడా వెంటబెట్టుకుని వెళ్లింది. వెళ్లిన చోటల్లా నిజంగా సూది వేయడం కుదరదు కదా, మూత తీయని సిరంజి చేతికి ఆనించి, దూది అద్ది, "చూశారా, అయిపోయింది!" అనేది. పిల్ల నవ్వుతూ లేచేది. మొదటిసారి చీమమ్మకు లోపల కాస్త గుచ్చుకుంది. మంచికి ఆడిన నాటకం తప్పు కాదులే అని సర్దుకుంది. రెండోసారికి గుచ్చుకోలేదు. "పాప రాకపోతే ఇవాళ మనకు బోణీ కాదక్కా," అనేవాడు జీపు డ్రైవరు.

కూతురి బడిలో రెండో విడత నాడూ, మూడో విడత నాడూ మొదటి కుర్చీ ఆ పిల్లదే. అందుకే చీమమ్మ ఎవరింటికి వెళ్లినా గర్వంగా అనేది, "నా కూతురే మొదట వేయించుకుందమ్మా, ఇంకేం కావాలి?" అని.

ఆ సాయంత్రం ఆమె ఎక్కిన మెట్లు టైలరమ్మవి. చెప్పుల కొట్టు మీద ఒంటి గది. కిటికీ పక్కన కుట్టు మిషను, దాని చుట్టూ తెల్ల కాలర్లు మోకాలెత్తు గుట్ట. ఏదో కంపెనీ చొక్కాలకు కాలర్లు కుట్టి ఇస్తుంది. మూలన గోనెపట్టా మీద ఆమె కూతురు కూర్చుని దారాలు కత్తిరిస్తోంది. ఆ పిల్లా, చీమమ్మ కూతురూ ఒకే తరగతి.

"రండి సిస్టరుగారూ. ఆ గుట్ట పక్కకి నెట్టి కూర్చోండి," అంది టైలరమ్మ. మిషను మాత్రం ఆపలేదు.

"మీ అమ్మాయికి మూడోది ఉండిపోయిందమ్మా."

"తెలుసండీ. ఆ రోజు బడిలో కళ్లు తిరిగి పడిపోయింది కదా."

"అది మందు వల్ల కాదు. సూది వెయ్యకముందే పడింది. ఖాళీ కడుపుతో వచ్చింది, దానికి తోడు భయం."

"మందు వల్లని నేనెక్కడన్నానండీ? ఆ పొద్దున వంట చెయ్యలేదు నేను. సరుకు అప్పజెప్పాలి, పొయ్యి దగ్గరికి పోలేదు. తప్పు నాదే." మిషను ఒక కాలరు చివరిదాకా పరిగెత్తి తిరిగింది. "మీ దగ్గరికి తీసుకొద్దామంటే, మీరు తలుపులు వేసే టైముకి నా మిషను ఆగదు. నా మిషను ఆగే టైముకి మీ వాచ్‌మన్ కూడా ఉండడు."

"పోనీ అమ్మాయిని ఒక్కదాన్నే పంపకపోయారా?"

"పంపుదామనే చూశా. అదే రానంటోంది."

చీమమ్మ పిల్ల వైపు తిరిగి, అరిగిపోయిన మాటను మళ్లీ బయటికి తీసింది. "ఎందుకమ్మా భయం? చీమ కుట్టినట్టు..."

"ఆంటీ, మీ అమ్మాయికి కూడా వెయ్యలేదుగా," అంది పిల్ల.

ఎదురు తిరిగినట్టు అనలేదు. కత్తెర కింద పెట్టి, ఉన్న సంగతి చెబుతున్నట్టే అంది.

"ఎవరన్నారమ్మా? అందరికన్నా ముందు వేయించుకుంది అదే."

"మూత తీయలేదు ఆంటీ. నేను ముందు వరసలో ఉన్నా, కుర్చీకి ఇంత దగ్గర. సూదికి మూత అలాగే ఉంది." పిల్ల మాట్లాడుతూ తల్లి వంక ఒకసారి చూసింది. "తర్వాత నేను పడిపోతే తనే నా తల ఒళ్లో పెట్టుకుంది. నీకు నొప్పెయ్యలేదా అనడిగా. నాకింకా వెయ్యలేదు, చివర్లో వేస్తుందట మా అమ్మ, అంది. మొన్న మళ్లీ అడిగా. ఇంకా లేదంది."

"ఇది ఇంకెవరికి తెలుసు?" అంది చీమమ్మ.

"మా క్లాసుకి తెలుసు. పక్క సెక్షనుకి కూడా."

"ఇళ్లల్లోనూ తెలుసండీ," అంది టైలరమ్మ, ఇబ్బందిగా. "నర్సమ్మ తన పిల్లకే మూడోది వెయ్యలేదంటే అందులో ఏదో ఉండే ఉంటుందని అనుకుంటున్నారు. నేననలేదు, నామీద ఒట్టు. చెవిన పడింది. మీరు ఎన్ని మెసేజీలు పెట్టినా జనం కదలకపోవడానికి అదీ ఒక కారణమే."

మెట్లు దిగి కాలువ వంతెన దాకా వచ్చేసరికి చీమమ్మకు ఆ రోజంతా గుర్తొచ్చింది. అదేం దాచిపెట్టిన విషయం కాదు. అలసట కింద పడి ఉండిపోయింది, అంతే. ఆ రోజు జీపు టైరు పంక్చరై టీకాల పెట్టె ఆలస్యమైంది. ఆమె మాత్రం ముందే బస్సులో బడికి చేరింది. పెద్ద టీచరు వాచీ చూపిస్తోంది, పిల్లలు క్లాసులకు పోతామని గోల. వాళ్లను పట్టి ఉంచడానికి సంచిలో ఉన్న ఖాళీ సిరంజి తీసి, కూతుర్ని కూర్చోబెట్టి, పాత నాటకమే ఆడింది. "నీకు చివర్లో వేస్తాలే," అని చెవిలో చెప్పింది. అంతలో జీపు వచ్చింది. పది మందికి వేసిందో లేదో టైలరమ్మ కూతురు దబ్బున పడింది. నీళ్లు, విసనకర్ర, కేకలు, ఏడుపులు, పెద్ద టీచరు చీవాట్లు. ఆ గొడవలో పెట్టె మూసేశారు. ఇంటికి వచ్చేటప్పుడు జీపు ముందు సీట్లో కూతురు ఆమె భుజం మీద తల పెట్టి కూర్చుంది. చీమమ్మ నిద్రపోయింది.

పైగా, రోజూ చేసే అలవాటు ప్రకారం, పని మొదలుపెట్టకముందే టీకాల లెక్క ఎక్కించే ట్యాబులో కూతురికి వేసేసినట్టు నొక్కేసింది. మొదటి పేరు ఎప్పుడూ అదే కదా. అందుకే ఆ పిల్ల పేరు మీద మూడోది వేయించుకోమనే మెసేజీ కూడా రాలేదు. వచ్చినా ఎవరి ఫోనుకు వస్తుంది, చీమమ్మ ఫోనుకే. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితి తొట్లో పడిందట. ఆ సామెత చిన్నప్పుడు ఎన్నిసార్లు విని నవ్విందో. ఇప్పుడు వంతెన మీద నిలబడితే నవ్వు రాలేదు. తన మీద తనకు అసహ్యం వేసింది.

ఇంటికి వెళ్లేసరికి కూతురు వంటింటి బల్ల దగ్గర చదువుకుంటోంది. అన్నం వండి మూత పెట్టి ఉంది. చీమమ్మ భుజాన సంచి కూడా దించకుండా గుమ్మంలోనే కూలబడింది.

"నీకు మూడోది వెయ్యలేదు కదూ."

పిల్ల పుస్తకంలోంచి తల ఎత్తలేదు. "ఇప్పుడు గుర్తొచ్చిందా?"

"ఎందుకు చెప్పలేదే?"

"చివర్లో వేస్తానన్నావు. చివరంటే ఎప్పుడో తెలీక ఊరుకున్నా."

"ఎకసెక్కాలొద్దు. నిజం చెప్పు."

"నిజమే చెప్తున్నా." పిల్ల పుస్తకం మూసింది. "నువ్వే అడుగుతావని చూశానమ్మా. రోజూ సాయంత్రం ఫోన్ పట్టుకుని ఎవరెవరి అమ్మలకో చెప్తావు కదా, అమ్మా మూడోది మర్చిపోకండి, మూడోది చాలా ముఖ్యం అని. నేను పక్కగదిలో వింటూనే ఉంటా. అయ్యాక ఇటు వస్తావు, నన్ను కూడా అడుగుతావు అనుకునేదాన్ని. నువ్వొచ్చి కాళ్లు నొప్పులని పడుకునేదానివి. కొన్నాళ్లు ఎదురు చూశా. తర్వాత కోపమొచ్చింది. తర్వాత, అడగకపోతే పోనీలే, సూది తప్పిందిగా అనుకున్నా."

"మిగిలినవాళ్లకు వెయ్యడానికి వేరే సిస్టరు మీ బడికి వచ్చింది కదే మధ్యలో."

"అడిగా. మీ అమ్మ వేసే ఉంటుందిలే, వెళ్లు అని పంపేసింది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. నా పని అలా ఉంది."

ఆ మాటకు ఇద్దరికీ నవ్వొచ్చింది. అక్కడితో ఆగి, లేచి, పిల్ల తల నిమిరి ఉంటే బాగుండేది. కానీ ఇన్నేళ్ల ఉద్యోగం మనిషి బుర్రను ఒక గాడిలో పెట్టేస్తుంది. చీమమ్మ కళ్ల ముందు ఆ బడి హాలు మెదిలింది, గోడకు జరిగిన వరస మెదిలింది.

"సరే అయితే," అంది ఉత్సాహంగా. "సోమవారం మీ బడికే వస్తా. అందరి ముందూ నువ్వే మొదట కూర్చో. ఈసారి మూత తీసి, అందరికీ చూపించి మరీ వేస్తా. దెబ్బకి ఈ పుకారు..."

కూతురు ముఖంలో ఆ కాస్త నవ్వూ ఆరిపోయింది.

"ఇది నాకోసమా అమ్మా, వాళ్లకోసమా?"

చీమమ్మ అబద్ధం చెప్పలేకపోయింది. "రెండూ కలిసొస్తాయి కదే," అంది.

"నేను రాను. వాళ్ల ముందు కూర్చోను. అసలు ఎక్కడా వేయించుకోను." పిల్ల లేచి తన గదిలోకి పోయింది. తలుపు విసిరి కొట్టలేదు, మెల్లగా గడియ వేసుకుంది. విసిరి కొట్టి ఉంటే చీమమ్మ కూడా నాలుగు కేకలు వేసి మనసు తేలిక చేసుకునేది. ఆ చిన్న గడియ చప్పుడుకు ఏం జవాబు చెబుతుంది? వండిన అన్నం చల్లారిపోయింది. మందులా రెండు ముద్దలు మింగి, గోడకు ఆనుకుని కూర్చుంది. ఊళ్లో పిల్లలందరికీ అమ్మలా తిరిగి, ఇంట్లో పిల్లకు నర్సునయ్యాను అనుకుంది. ఏడుపు రాలేదు, ఏడవడానికి కూడా ఓపిక ఉండాలి.

మర్నాడు డాక్టరమ్మను అడిగింది, శనివారం సాయంత్రం పొద్దుపోయేదాకా టీకాల గది తెరిచి ఉంచుతానని. "ఉంచుకోండి సిస్టర్. కానీ దానికి అదనంగా ఏమీ రాదు మరి," అంది డాక్టరమ్మ. రాదని చీమమ్మకు తెలియదా? తిరిగి టైలరమ్మ మెట్లు ఎక్కింది.

"అమ్మాయి చెప్పింది నిజమేనమ్మా," అంది గుమ్మంలో నిలబడే. "మూత తీయలేదు. ఆ టైముకి మందు ఇంకా రాలేదు, పిల్లలు వెళ్లిపోతారని నాటకమాడాను. తర్వాత నా పిల్లకు వెయ్యడం మర్చిపోయాను. మందులో లోపం లేదు. లోపం నాది."

టైలరమ్మ కాలు ఆగింది. ఆ గదిలో మిషను నోరు మూసుకోవడం చీమమ్మ చూడటం అదే మొదటిసారి.

"మర్చిపోయారా? సొంత పిల్లకి?"

"మర్చిపోయాను."

టైలరమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. తిడుతుందేమో అనుకుంది చీమమ్మ. టైలరమ్మ పకపకా నవ్వింది. "నేను పిల్లకి అన్నం పెట్టడం మర్చిపోయా, మీరు పిల్లకి టీకా వెయ్యడం మర్చిపోయారు. మనిద్దరం దొందూ దొందే. కూర్చోండి సిస్టరుగారూ, ఎందుకలా నిలబడతారు." కూతురికేసి తిరిగి, "టీ పెట్టవే," అంది.

"శనివారం మీరు మిషను ఆపేదాకా నేను తలుపు వెయ్యను," అంది చీమమ్మ. "ఎంత ఆలస్యమైనా ఉంటా. ఆలస్యమైనందుకు మళ్లీ మొదటినుంచి వెయ్యక్కర్లేదు, ఆ ఒక్కటీ వేస్తే సరిపోతుంది. అమ్మాయికి కడుపునిండా పెట్టి తీసుకురండి."

ఆ వారమంతా ఆమె అదే పాట మరికొన్ని గుమ్మాల్లో పాడింది. మూత తీయలేదు, మర్చిపోయాను, తప్పు నాది. కొందరు నవ్వారు. ఒకావిడ, "నీ పిల్లనే గుర్తుపెట్టుకోలేనిదానివి మా పిల్లలకేం చేస్తావు," అని మొహం మీదే తలుపు వేసింది. ఆమె పక్క గుమ్మం తట్టింది. రోజూ సాయంత్రం తిరిగీ తిరిగీ కాళ్లు దిమ్మెక్కాయి. ఇంట్లో కూతురు మాట్లాడుతూనే ఉంది గాని, ఉప్పు ఎక్కడుంది, నాన్న ఫోన్ చేశాడా, అంతవరకే. చీమమ్మ కూడా ఒక్కటే చెప్పింది: "శనివారం సాయంత్రం గది తెరిచి ఉంటుంది." ఇంకో పది మాటలు నాలుక చివరికి వచ్చాయి. పళ్ల బిగువున ఆపుకుంది.

శనివారం రానే వచ్చింది. మామూలు రోగులు వెళ్లిపోయారు. వాచ్‌మన్ తాళాల గుత్తి ఆడిస్తూ వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. "ఎవరొస్తారమ్మా ఈ టైములో," అని నాలుగుసార్లు అన్నాడు. చీమమ్మ ఫ్రిజ్ గుర్రు వింటూ కూర్చుంది. ఎదురుగా పోస్టరులో వెలిసిపోయిన తల్లీ కూతురూ నవ్వుతున్నారు. లేచి వెళ్లి ఊడిన మూలను వేలితో అతికించింది. అది మళ్లీ ఊడింది.

దీపాలు పెట్టే వేళకు టైలరమ్మ వచ్చింది. ఒక్కతే రాలేదు. తన కూతుర్నీ, తనలాగే మిషన్ల మీద కూర్చునే ఇంకొందరు తల్లులనూ, వాళ్ల పిల్లలనూ వెంటబెట్టుకుని వచ్చింది. "వీళ్లకీ మాలాగే పగలు తీరదండీ," అంది. మొత్తం బడి కదిలి రాలేదు. వరండా బల్ల నిండేంత మంది, అంతే. అయినా ఆ కాస్త వరసను చూసి చీమమ్మ గబగబా లేచి ఫ్రిజ్ తలుపు తీసింది.

ఈసారి మొదటి కుర్చీ కోసం ఎవరూ తోసుకోలేదు. టైలరమ్మ కూతురు తనంత తానే వచ్చి కూర్చుంది.

"తినే వచ్చా ఆంటీ. మూత తీయండి, చూస్తా."

చీమమ్మ మూత తీసి చూపించింది. పిల్ల సూదిని కళ్లార్పకుండా చూసింది. అలవాటుగా చీమ నోటిదాకా వచ్చింది. ఆమె దాన్ని మింగేసింది.

"నొప్పి పుడుతుందమ్మా," అంది. "రేపటిదాకా చెయ్యి బరువుగా ఉంటుంది. కళ్లు తిరిగినట్టుంటే చెప్పు, పడుకోబెడతా."

పిల్ల తలూపింది. సూది దిగినప్పుడు "అబ్బా" అంది, తర్వాత లేచి వెళ్లి తల్లి పక్కన కూర్చుంది. వరస కదిలింది. ఒక పిల్ల కన్నీళ్లు పెట్టుకుంది. వెనకున్న పిల్లలు ఆ కన్నీళ్లు చూశారు, చూసి కూడా వరసలోనే ఉన్నారు. ఇన్నాళ్లూ ఈ సంగతి తనకెందుకు తెలియలేదా అనుకుంది చీమమ్మ.

అందరికీ అయిపోయింది. తల్లులు చెప్పులు వెతుక్కుంటూ వెళ్లిపోయారు. వాచ్‌మన్ ఒక్కో కిటికీ మూస్తున్నాడు. చేతులు కడుక్కుని తిరిగేసరికి వరండా స్తంభానికి ఆనుకుని కూతురు నిలబడి ఉంది. భుజాన బడి సంచి. ఎప్పటినుంచి ఉందో, వరస చివర ఎంతసేపు నిలబడిందో.

చీమమ్మ కుర్చీ చూపించింది. పిల్ల వచ్చి కూర్చుని, చొక్కా చెయ్యి పైకి లాగింది. నవ్వలేదు.

"నొప్పిగా ఉంటుంది," అంది చీమమ్మ.

"తెలుసు. ముందు రెండుసార్లూ నొప్పెట్టింది."

"మరి నవ్వావుగా?"

"నువ్వు నవ్వమన్నావుగా అమ్మా."

చీమమ్మ మూత తీసి సూది వేసింది. పిల్ల కళ్లు గట్టిగా మూసుకుంది. దూది అద్దగానే భుజాలు కుదిపేస్తూ ఏడుపు వచ్చింది. ఒక సూదికి అంత ఏడుపు ఎవరూ ఏడవరు.

"అంత నొప్పిగా ఉందా?"

పిల్ల తల అడ్డంగా ఊపింది. ఊపుతూనే ఏడ్చింది. బయట వాచ్‌మన్ తాళాలు చప్పుడు చేస్తూ, "ఇంకా ఎంతసేపమ్మా?" అని అడిగాడు.

"ఇంకొంచెం సేపు," అంది చీమమ్మ. కూతురి చేతి మీద దూది అలాగే అదిమి పట్టుకుని నిలబడింది. రక్తం ఎప్పుడో ఆగిపోయింది.